రాజధాని అమరావతి, బస బెజవాడ

క్రీ.శ. 639 ప్రాంతంలో చైనా భిక్షువు హుయాన్‌త్సాంగ్ ధాన్యకటక దేశానికి వచ్చాడు. నెలల తరబడి ఇక్కడే ఉండి, ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. బదులుగా వారికి మహాయాన శాస్త్రాలు చెప్పాడు. రాజధానికి తూర్పు కొండ మీద పూర్వశైల విహారం, పడమటి కొండ మీద అపరశైల విహారం ఉన్నాయని రాశాడు. అప్పటికి వందేళ్లుగా వాటిలో భిక్షువులు లేరట. కొండదేవతలు రకరకాల రూపాలెత్తి బాటసారుల్ని బెదరగొడుతున్నాయట. ఇంత రాసినవాడు, ఆ రాజధాని ఏ ఊరో తర్వాతి కాలంవాళ్లు ఆనవాలు పట్టేంత వివరం మాత్రం ఇవ్వలేదు.

పన్నెండు వందల ఏళ్ల తర్వాత దాని మీద పెద్ద వాదమే నడిచింది. ఆ రాజధాని బెజవాడేనన్నాడు వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్. కృష్ణా జిల్లాలో పనిచేసిన రాబర్ట్ సీవెల్ ఊరంతా తిరిగి చూసి ఆయనతో ఏకీభవించాడు. చైనా యాత్రికుడు చెప్పిన కొండలూ గుహలూ బెజవాడ చుట్టూ ఉన్నాయి, అమరావతిలో ఉన్నది చదును నేల అన్నది వాళ్ల వాదన. జేమ్స్ బర్జెస్ ఒప్పుకోలేదు. ధాన్యకటకం పేరు అమరావతి స్తూపం శాసనాల్లోనే ఉంది. ఆ పక్కనే ధరణికోట ఉంది. చివరికి పండితుల మొగ్గు అటే నిలిచింది.

బెజవాడ ఆ వాదంలో ఓడిపోయింది. అయినా రాజధాని చూడవచ్చిన వాళ్లు ఆనాటి నుంచీ బెజవాడలోనే దిగుతున్నారు.

రెండు కొండల నడుమ

ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. వాటి నడుమ కృష్ణ ఇరుకై పారుతుంది. ఇంద్రకీలాద్రి మీది అమ్మవారి దర్శనానికి వచ్చే జనం ఎప్పటి నుంచో ఉన్నా, బెజవాడను పెద్ద ఊరు చేసింది ఈ ఇరుకే. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన డొక్కల కరువు తర్వాత నదికి అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన బలపడింది. 1852లో కెప్టెన్ చార్లెస్ ఓర్ చేతుల మీదుగా ఆనకట్ట పని మొదలై 1855కి పూర్తయింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊళ్లోంచే సాగాయి. వాటిలో నీళ్లతోపాటు ధాన్యం పడవలూ ప్రయాణికుల పడవలూ నడిచాయి. 1889లో సికింద్రాబాద్ వైపు నుంచి రైలు వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడింది, 1899లో మద్రాసు దారి కలిసింది. ఇక ఎటు పోవాలన్నా బెజవాడలో బండి మారాల్సిందే. బండి మారేవాడికి తిండి కావాలి, పడుకోను చోటు కావాలి. సత్రాలు, పూటకూళ్లు, తర్వాత లాడ్జీలు అలా పుట్టుకొచ్చినవే.

పాత ఆనకట్ట దెబ్బతినడంతో 1957 నాటికి దాని దగ్గరే ఇప్పటి బ్యారేజీ వచ్చింది. దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. నీటిని నిలపడమే కాక, బెజవాడను గుంటూరు గట్టుతో రోడ్డు దారిన కలిపింది కూడా ఇదే. ఆ గట్టున నాలుగైదు మైళ్లలో ఉండవల్లి ఉంది. నాలుగంతస్తుల గుహాలయంలో ఒకే రాతిలో మలచిన అనంతశయనుడు పడుకుని ఉంటాడు. గడప దగ్గర నిలబడితే ఆయన తలా పాదాలూ ఒక్క చూపులో అందవు.

పలుచోట్ల ఒక స్తూపం

అమరావతిలో మహాచైత్యం చూద్దామని వెళ్లినవాడికి నేడు కనిపించేది గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని పలకలు. మిగతా స్తూపం ఎక్కడుందో తెలియాలంటే ఒక జమీందారు కథ తెలియాలి.

1790ల చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చాడు. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించాడు, పేట కట్టించాడు. కొత్త ఇళ్లకు ఇటుకా రాయీ కావాలి. ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అని పిలిచే దిబ్బను తవ్వితే రెండూ దొరికాయి. సంగతి తెలిసి 1797లో కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఆయన మళ్లీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. ఆయన మనుషులు గీసిన బొమ్మలే మిగిలిన స్తూపానికి మొదటి లెక్క. కొత్త రాజధాని కోసం పాత రాజధానిని విప్పడం అలా మొదలైంది.

ఆ తర్వాత ఎవరి వాటా వాళ్లు పట్టుకెళ్లారు. కొన్ని పలకలు మచిలీపట్నం బజారు కూడలికి అలంకారమయ్యాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపాడు. అక్కడి నుంచి 1859లో వంద పైచిలుకు శిల్పాలు ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడ ఓ బండ్లకొట్టంలో మూలపడి ఉంటే 1867లో ఫెర్గుసన్ కంటబడ్డాయి. రాజధాని బెజవాడేనన్న పెద్దమనిషి ఈయనే. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ప్రత్యేక గదిలో ఉన్నాయి. మరో పెద్ద భాగం చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉంది. అందుకే అమరావతిని పూర్తిగా చూడాలంటే ఒక్క ఊరు చాలదు. అయితే ఏ పలకలో చూసినా కనిపించే పూర్ణఘటం, పద్మాలు, స్తూపాన్ని మొక్కుతున్న జనం ఈ నేలవే. అమరావతిలోని పురావస్తు శాఖ మ్యూజియంలో దొరికింది చూసి, మిగతాది మనసులో అతికించుకోవాల్సిందే.

బందరు రోడ్డు మీద

అమరావతి పనితనం చూడటానికి మరో చోటు బెజవాడే, అంటే నేటి విజయవాడే. బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం మొదట విక్టోరియా జూబిలీ భవనం. 1887 జూన్ 27న దానికి శంకుస్థాపన చేసింది రాబర్ట్ సీవెల్. 1877లో అమరావతి దిబ్బను తవ్విందీ, బెజవాడే పాత రాజధాని అని వాదించిందీ ఆయనే. మహారాణి స్వర్ణోత్సవానికి కట్టిన ఆ ఇంటి కథ 1921లో మలుపు తిరిగింది. ఆ మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చింది ఆ రోజుల్లోనే. 1962లో ఆ భవనం మ్యూజియం అయింది. 2020లో బాగుచేసి మళ్లీ తెరిచారు. లోపల అల్లూరు నుంచి తెచ్చిన సున్నపురాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. అమరావతి శిల్పుల పనితనం ఎలాంటిదో తెలుసుకోవడానికి ఆ ఒక్క విగ్రహం ముందు పావుగంట నిలబడితే చాలు.

అదే రోడ్డున, స్వరాజ్య మైదానంలో 2024 జనవరిలో అంబేద్కర్ విగ్రహం వెలిసింది. పీఠం 81 అడుగులు, విగ్రహం 125 అడుగులు. ఊరికి వచ్చినవాళ్లు ఇప్పుడు దారి కనుక్కోవడానికి దాన్నే గుర్తు పెట్టుకుంటున్నారు.

ఆకలి తెలిసిన ఊరు

రాజధాని హోదా లేకపోయినా తెలుగు వ్యాపారానికి బెజవాడే కచేరీ. సినిమా పంపిణీ ఆఫీసులు గాంధీనగర్‌లో, పుస్తకాల కొట్లు ఏలూరు రోడ్డులో. ప్రింట్ల కోసం వచ్చిన హాలు యజమానీ, ప్రూఫులు దిద్దుకోవడానికి వచ్చిన రచయితా పొద్దున్నే టిఫినుకు ఒకే వీధికి చేరేవాళ్లు. గాంధీనగర్ బాబాయ్ హోటల్‌లో ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు. మధ్యాహ్నం భోజనంలో గోంగూర, ముద్దపప్పు, ఆవకాయ ఉండాలి. ఉలవచారు ఉంటే దాని మీద మీగడ పడాలి. సాయంత్రం బండి మీద పునుగులు, ముంతకింద పప్పు. ఊరెళ్లేటప్పుడు బందరు లడ్డూ పొట్లం. బస ఖరీదైనది కావాలంటే బందరు రోడ్డు పెద్ద హోటళ్లు, ఏటి గాలి కావాలంటే భవానీపురంలో పర్యాటక శాఖ బెర్మ్ పార్కు. అక్కడి నుంచే భవానీ ద్వీపానికి పడవ.

పేరు అటు, కాపురం ఇటు

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు విజయవాడ–గుంటూరు ప్రాంతమే రాజధాని కావాలని గట్టిగా అడిగారు. కర్నూలుకు దక్కింది. హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 2014 విభజన తర్వాత మళ్లీ ఇక్కడికే చూపు మళ్లింది. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. ఇరవై తొమ్మిది గ్రామాలు, 217 చదరపు కిలోమీటర్లు. సచివాలయం వెలగపూడిలో, హైకోర్టు నేలపాడులో. స్తూపం ఉన్న పాత అమరావతి ఈ హద్దుల్లో లేదు. అది పల్నాడు జిల్లాలో ఉంది, కొత్త అమరావతి గుంటూరు జిల్లాలో, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో. గవర్నరు కూడా 2019 నుంచి విజయవాడలో, ఒకప్పటి నీటిపారుదల శాఖ భవనంలోనే ఉంటున్నారు.

మధ్యలో మూడు రాజధానుల మాట వచ్చింది, పనులు ఆగాయి, 2025 మేలో మళ్లీ మొదలయ్యాయి. శాశ్వత సచివాలయం, శాసనసభ ప్లాను ప్రకారం లేస్తాయి. కానీ అర్ధరాత్రి బస్సు దిగినవాడికి వేడివేడి ఇడ్లీ దొరికే వీధిని ఏ మాస్టర్ ప్లానూ గీయలేదు. ఆ వీధి తయారవడానికి బెజవాడకు కాలువలు, రైళ్లు, అమ్మవారి జాతరలు, నూటయాభై ఏళ్ల పైచిలుకు కాలం పట్టాయి. కొత్త నగరం అంత దూరం నడిచేదాకా దాని అతిథులకు అన్నం పెట్టేది ఈ గట్టే. వెంకటాద్రి నాయుడిలా పాత ఊరిని విప్పి కొత్త ఊరు కట్టే అవసరం ఈసారి లేదు. రెంటినీ బతకనిస్తే, రాజధాని చూడవచ్చినవాడికి రెండు రోజులు ఎక్కువ ఉండిపోయే కారణం దొరుకుతుంది.