సింటాక్స్ ట్రీ మార్పిడి

కంపైలరు ప్రోగ్రామును అక్షరాల వరుసగా చూడదు, ముందు దాన్ని ఒక చెట్టుగా మలుచుకుంటుంది. 2 + 3 * 4 అని రాస్తే చెట్టు మొదట్లో కూడిక ఉంటుంది. దాని ఒక కొమ్మకు 2, రెండో కొమ్మకు గుణకారం. ఇదే సింటాక్స్ ట్రీ. మెమరీలో ఉండే ఈ చెట్టును వేరే ప్రోగ్రాములు కూడా చదవగల ఉమ్మడి ఫార్మాట్‌లో రాసిపెట్టడం, దాన్నుంచి మళ్లీ చెట్టును నిలబెట్టడం చాలా పాత ప్రయత్నం.

లిస్ప్ భాషకు ఈ బెడదే లేదు. 1960 నాటి వ్యాసంలో జాన్ మెకార్తీ ప్రోగ్రాములకు ఎం-ఎక్స్‌ప్రెషన్లు, డేటాకు ఎస్-ఎక్స్‌ప్రెషన్లు అని రెండు రాతలు పెట్టాడు. వాడేవాళ్లు రెండోదానితోనే సరిపెట్టుకున్నారు. అలా (+ 2 (* 3 4)) అన్నది ప్రోగ్రామూ అయింది, చెట్టూ అయింది, డేటా కూడా అయింది.

మిగతా భాషలు కష్టపడాల్సి వచ్చింది. 1980ల్లో అడా భాష చెట్లకు డయానా అనే ఉమ్మడి రూపం వచ్చింది. 1997లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఏఎస్‌డీఎల్‌ను ప్రకటించారు. చెట్టులోని నోడ్ల వివరం ఒక్కసారి రాసిస్తే సీ, జావా వంటి భాషల్లో ఆ చెట్టుకు కావలసిన కోడును అదే పుట్టిస్తుంది. పైథాన్ 2006లో, 2.5 వెర్షన్‌తో దీన్ని తన కంపైలర్లోకి తెచ్చుకుంది.

ఈలోగా ఎక్స్‌ఎంఎల్ మోజు మొదలైంది. 2000లో గ్రెగ్ బాడ్రోస్ జావా ప్రోగ్రాములను ఎక్స్‌ఎంఎల్‌గా రాసే జావాఎంఎల్‌ను ప్రతిపాదించాడు. సోర్స్‌ఎంఎల్ ఇంకా తెలివైన దారి పట్టింది. అసలు పాఠాన్ని కదపకుండా దాని మధ్యే ట్యాగులు గుచ్చింది. ట్యాగులు తీసేస్తే ఖాళీలు, కామెంట్లతో సహా పాత ఫైలే చేతికొస్తుంది.

జావాస్క్రిప్ట్‌లో కథ మరోలా నడిచింది. మొజిల్లా ఇంజనీరు డేవ్ హెర్మన్ ఫైర్‌ఫాక్స్‌లో పాఠాన్ని చెట్టుగా మార్చే పార్సర్‌ను బయటి కోడుకు అందుబాటులోకి తెచ్చి, అది ఇచ్చే చెట్టు రూపాన్ని రాసిపెట్టాడు. ఆ రూపం జేసన్ అనే డేటా ఫార్మాట్‌కు చక్కగా ఒదుగుతుంది. ఎస్ప్రిమా, ఎకార్న్ పార్సర్లు దాన్నే అనుసరించాయి, తర్వాత అది ఈఎస్‌ట్రీ అనే ప్రమాణమైంది. చిక్కు మాత్రం చిన్న చోటే వచ్చింది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను, బిగ్‌ఇంట్ సంఖ్యలను జేసన్ ఎరగదు. అందుకే మొదటివాటికి నమూనాను, ఫ్లాగులను విడిగా, రెండోవాటికి అంకెలను స్ట్రింగుగా దాచాల్సి వచ్చింది. పైగా జావాస్క్రిప్ట్ కంపైలర్ బేబెల్ కొన్ని నోడ్లను తనదైన పద్ధతిలో విడగొట్టుకుంది. ప్రమాణం అన్నాక ఇలాంటివి తప్పవు కాబోలు.

చెట్టును బయటికి రాయడం తేలికే, పాఠాన్ని తిరిగి రాబట్టడంలోనే అసలు పరీక్ష. పైథాన్ 3.9తో 2020లో వచ్చిన ఏఎస్‌టీ.అన్‌పార్స్ అనే ఫంక్షన్ సరిగ్గా నడిచే ప్రోగ్రామునే ఇస్తుంది గానీ, రాసినవారి కామెంట్లు అందులో ఉండవు. ఆ చెట్టు వాటిని మొదటే వదిలేసింది. జావాస్క్రిప్ట్ సాధనం రీకాస్ట్ అందుకే మారిన నోడ్లను మాత్రమే కొత్తగా అచ్చువేసి, మిగతాచోట్ల పాత పాఠాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతుంది. సీ, సీ++ భాషల కంపైలర్ క్లాంగ్ అయితే 2019లో జేసన్ రూపంలో చెట్టును చూపడం మొదలుపెట్టినా, దాన్ని తిరిగి చదువుకోదు. ప్రీకంపైల్డ్ హెడర్లలో చెట్టును దాచుకోవడానికి దానికి సొంత బైనరీ ఫార్మాట్ ఉంది.