గంజాయి నూనె: రుజువైనది ఎంత, అమ్ముతున్నది ఏమిటి

గంజాయి మొక్క నుంచి తీసిన మందు మూర్ఛను తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబు 2017లో వచ్చింది. ద్రవే సిండ్రోమ్ అనేది పసితనంలోనే మొదలై, ఉన్న మందులకు ఒక పట్టాన లొంగని అరుదైన మూర్ఛ వ్యాధి. ఆ వ్యాధి ఉన్న 120 మంది పిల్లల మీద, యువకుల మీద ఆరిన్ డెవిన్‌స్కీ బృందం జరిపిన ప్రయోగం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. అందులో దాదాపు సగం మందికి శుద్ధి చేసిన క్యానబిడియోల్, అంటే సీబీడీ, కిలో బరువుకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. మిగిలిన వాళ్లకు మందు లేని ఉత్తుత్తి ద్రావణం ఇచ్చారు. ఎవరికి ఏది అందుతున్నదో తల్లిదండ్రులకూ తెలియదు, చూసే వైద్యులకూ తెలియదు. 14 వారాల చికిత్సలో మందు తాగినవాళ్లకు నెలకు వచ్చే ఫిట్స్ సంఖ్య మధ్యగత లెక్కన 12.4 నుంచి 5.9కి దిగింది. ఉత్తుత్తి ద్రావణం తాగినవాళ్లలో 14.9 నుంచి 14.1కి మాత్రమే తగ్గింది.

ఆ వ్యాసంలోనే ఇంకో లెక్క ఉంది. నా దృష్టిలో అసలు పాఠం అందులోనే ఉంది. ఫిట్స్ సగానికి సగం తగ్గినవాళ్లు మందు తీసుకున్న వర్గంలో నూటికి 43 మంది. ఉత్తుత్తి ద్రావణం తాగిన వర్గంలోనూ నూటికి 27 మందికి అంతే మేలు కనిపించింది. మూర్ఛ తనంతట తానే హెచ్చుతగ్గులు చూపే జబ్బు. ఫిట్స్ బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లోనే ఎవరైనా కొత్త మందు కోసం వెతుకుతారు, ఆ తర్వాత కొంత తగ్గడం సహజం. కాబట్టి మందు ఖాతాలో రాయదగింది ఆ 43 మొత్తం కాదు, రెండింటికీ మధ్య ఉన్న తేడా, అంటే సుమారు ఆరుగురిలో ఒకరు. అది చిన్న విషయమేమీ కాదు. ఏ మందూ పనిచేయని బిడ్డ ఉన్న ఇంట్లో ఆ ఒకరికి చాలా విలువ ఉంది. ఫిట్స్ పూర్తిగా ఆగిపోయినవాళ్లు మాత్రం నూటికి 5 మందే. ఒళ్లు కొట్టుకోకుండా వచ్చే రకం మూర్ఛల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ రుజువు దాకా రావడానికి చాలా కాలం పట్టింది. దాని మొదటి అడుగు మన దేశంలోనే పడింది. కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన విలియం ఓషాగ్నెసీ 1839లో స్థానిక వైద్యుల వాడకాన్ని గమనించి, జంతువుల మీద పరీక్షించి, ఆ తర్వాత రోగులకు గంజాయి సారం ఇచ్చి చూశాడు. ఆ రోగుల్లో మూర్ఛలతో బాధపడుతున్న నలభై రోజుల పసిగుడ్డు కూడా ఉంది. బిడ్డ కోలుకుంది. కానీ ఒక్క బిడ్డ కోలుకోవడం కథ అవుతుంది గానీ ఆధారం కాదు. 1980లో బ్రెజిల్‌లో, ఇజ్రాయెల్ రసాయన శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలమ్ సహకారంతో జరిగిన ప్రయోగంలో ఎనిమిది మందికి సీబీడీ ఇస్తే నలుగురికి మూర్ఛలు దాదాపు ఆగిపోయాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆ దారిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2013లో, గంజాయి నూనెతో ఫిట్స్ బాగా తగ్గిన కొలరాడో చిన్నారి షార్లెట్ ఫిగీ కథను సీఎన్ఎన్ చూపించాక, మూర్ఛ ఉన్న పిల్లల తల్లిదండ్రులు నూనె కోసం ఆ రాష్ట్రానికి వలస వెళ్లారు. ఆ ఒత్తిడి లేకుంటే 2017 నాటి ప్రయోగం ఇంకెంత ఆలస్యమయ్యేదో. 2018 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎపిడియోలెక్స్ పేరుతో ఈ మందును ద్రవే సిండ్రోమ్‌కూ, లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అనే మరో మొండి మూర్ఛ వ్యాధికీ అనుమతించింది. రెండేళ్ల తర్వాత ట్యూబరస్ స్క్లెరోసిస్ వల్ల వచ్చే మూర్ఛలకూ అనుమతి దక్కింది.

ఇక దుష్ప్రభావాల సంగతి. డెవిన్‌స్కీ ప్రయోగంలో మందు తీసుకున్నవాళ్లలో నూటికి 36 మందికి మగత వచ్చింది, ఉత్తుత్తి వర్గంలో అది 10. విరేచనాలు 31, 10. దుష్ప్రభావాలు భరించలేక ఎనిమిది మంది మానేశారు, అటువైపు మానేసింది ఒక్కరే. మందు తీసుకున్నవాళ్లలో పన్నెండు మందికి కాలేయ ఎంజైములు పెరిగాయి, వాళ్లంతా వాల్‌ప్రోయేట్ కూడా వాడుతున్నవాళ్లే. మగత వచ్చినవాళ్లలో అత్యధికులు క్లోబజామ్ మీద ఉన్నారు. ఈ రెండూ మన ఊళ్లలో మూర్ఛ రోగులకు సాధారణంగా రాసే మందులే. క్లోబజామ్ శరీరంలో విడిపోయాక మిగిలే చురుకైన పదార్థాన్ని బయటికి పంపే ఎంజైమును సీబీడీ అడ్డుకుంటుంది, దాంతో ఆ పదార్థం రక్తంలో దాదాపు మూడింతలవుతుంది. ఇక్కడో చిక్కు ప్రశ్న పుట్టింది. ఫిట్స్ తగ్గింది సీబీడీ వల్లనా, పెరిగిన క్లోబజామ్ వల్లనా? రెండింటి పాత్రా ఉందన్నదే తర్వాతి విశ్లేషణల మొగ్గు. యూరప్‌లో 2019లో అనుమతి ఇచ్చినప్పుడు ద్రవే, లెనాక్స్-గాస్టో రెండింటికీ క్లోబజామ్‌తో కలిపి వాడాలనే షరతు పెట్టారు. వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందులతో, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే టాక్రోలిమస్‌తో కలిసినప్పుడు ఆ మందుల ప్రభావం ప్రమాదకరంగా పెరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

మూర్ఛ రోగుల్లో కనిపించిన కాలేయ ఇబ్బంది ఆరోగ్యవంతుల్లో ఉండదులే అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. ఎఫ్‌డీఏ పరిశోధకులు 201 మంది ఆరోగ్యవంతులతో జరిపిన ప్రయోగం ఫలితాలు 2025లో వెలువడ్డాయి. 151 మందికి 28 రోజుల పాటు కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాముల సీబీడీ ఇస్తే, ఎనిమిది మందిలో కాలేయ ఎంజైములు గరిష్ఠ హద్దుకు మూడు రెట్లు దాటాయి. ఉత్తుత్తి మందు వర్గంలో ఒక్కరికీ అలా జరగలేదు. మందు ఆపాక ఎంజైములు తగ్గాయి. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2020లో ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 70 మిల్లీగ్రాముల హద్దు సూచించి, 2023 అక్టోబరులో దాన్ని 10కి కుదించింది. ఆధారాలు పెరిగేకొద్దీ హద్దు కిందికి జరగడం గమనించాలి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇరవై కిలోల బిడ్డకు కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 200 మిల్లీగ్రాముల సీబీడీ కావాలి. 30 మిల్లీలీటర్లలో 1000 మిల్లీగ్రాములు ఉందని చెప్పుకునే సీసా ఐదు రోజుల్లో అయిపోతుంది. రోజుకు నాలుగు చుక్కలు చాలన్న ప్రకటన ఈ లెక్కకు నిలవదు. బ్రెజిల్‌లో వేదికపై మాట్లాడే భయం మీద జరిగిన ప్రయోగాల్లోనూ మోతాదే కీలకమని తేలింది. 2019లో 57 మంది పురుషుల మీద పరీక్షించినప్పుడు ఆందోళన తగ్గించింది 300 మిల్లీగ్రాముల మోతాదు. 150 పనిచేయలేదు, 600 కూడా పనిచేయలేదు. ఇలాంటి మందు విషయంలో చుక్కలను కంటితో కొలుచుకోవడం ఏం వైద్యం? పైగా కొవ్వు ఎక్కువున్న భోజనంతో తీసుకుంటే రక్తంలో సీబీడీ గరిష్ఠ స్థాయి సుమారు ఐదింతలవుతుంది. పొద్దున ఖాళీ కడుపుతోనూ, మర్నాడు నెయ్యన్నం మీదా వేసుకుంటే ఒకే మోతాదు రెండు మోతాదులైనట్టే.

మన దగ్గర దొరికే సీసాల్లో ఏముందన్నది వేరే ప్రశ్న. కిరాణా వెబ్‌సైట్లలో దొరికే హెంప్ సీడ్ ఆయిల్ గింజల నుంచి పిండిన వంటనూనె. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021 నవంబరులో దాన్ని ఆహారంగా అనుమతిస్తూ కిలోకు 75 మిల్లీగ్రాములకు మించి సీబీడీ ఉండకూడదంది. ఆ ప్రకారం పైన చెప్పిన బిడ్డ ఒక్క రోజు మోతాదుకు రెండున్నర కిలోలకు పైగా నూనె తాగాలి. అందులో మంచి కొవ్వులు ఉండవచ్చు, మూర్ఛకో నొప్పికో మందు మాత్రం లేదు. ఆయుర్వేదంలో విజయ పేరుతో అమ్మే ఆకు సారాలు ఇంకో రకం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) పూల గుత్తులనూ జిగురునూ నిషేధించి, గుత్తులు కలవని ఆకునూ గింజనూ గంజాయి నిర్వచనం నుంచి మినహాయించింది. ఆ సందులోంచే ఈ ఉత్పత్తులు వచ్చాయి. ఆకులోనూ మత్తునిచ్చే టీహెచ్‌సీ ఉంటుంది కనుక వాటిని సీబీడీ మందుతో సమానంగా చూడకూడదు.

మూడోది పోలీసు వార్తల్లో కనిపించే హాష్ ఆయిల్. పాడేరు, చింతపల్లి ప్రాంతాల నుంచి చిన్న సీసాల్లో హైదరాబాద్ దాకా చేరే ఈ చిక్కటి ద్రవం గంజాయి జిగురును ద్రావకాలతో పిండి తీసినది. చట్టం దీన్ని నేరుగా చరస్ నిర్వచనంలో చేర్చింది. ఇందులో టీహెచ్‌సీ ఎంతో, ద్రావకం ఎంత మిగిలిందో అమ్మేవాడికే తెలియదు. ఐరోపాలోని పది ప్రాంతాల్లోనూ బ్రెజిల్‌లోనూ సేకరించిన వివరాలతో 2019లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన అధ్యయనం, పది శాతమో అంతకు మించో టీహెచ్‌సీ ఉన్న సరుకును రోజూ వాడేవాళ్లకు తొలిసారి సైకోసిస్ అనే మానసిక వ్యాధి వచ్చే అవకాశం, ఎన్నడూ వాడనివాళ్లతో పోలిస్తే దాదాపు ఐదింతలుందని తేల్చింది. ఇది సంబంధాన్ని చూపే అధ్యయనమే, కారణాన్ని పూర్తిగా రుజువు చేయదు. అయినా మానసిక వ్యాధి ఉన్న కుటుంబాల్లోని యువకులకు అంతకు మించిన హెచ్చరిక అక్కర్లేదు. టీహెచ్‌సీ ఉన్న నూనెను నోటి ద్వారా తీసుకుంటే ప్రభావం తెలియడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదనుకుని మళ్లీ వేసుకుని, మోతాదు మించి ఆసుపత్రి పాలయ్యేవాళ్లున్నారు. 2019లో అమెరికాలో ఈ-సిగరెట్ ద్రవాలు, వాటిలోనూ ఎక్కువగా టీహెచ్‌సీ ద్రవాలు, పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఘటనల్లో, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. చాలావాటిలో అనుమానం కలుపుగా వేసిన విటమిన్ ఈ అసిటేట్ మీదికే వెళ్లింది.

లేబుల్‌ను నమ్మవచ్చా? 2017లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన పరీక్షలో, ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తుల్లో లేబుల్ చెప్పినంత సీబీడీ ఉన్నవి నూటికి 31 మాత్రమే. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ బయటపడింది. అమెరికాలోనే అప్పటి పరిస్థితి ఇది.

మూర్ఛను దాటితే ఆధారాలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. నొప్పి కోసమే జనం ఎక్కువగా కొంటారు. అమెరికా జాతీయ అకాడమీలు 2017 నివేదికలో దీర్ఘకాలిక నొప్పికి గణనీయమైన ఆధారం ఉందన్నాయి. అయితే వాళ్లు లెక్కలోకి తీసుకున్న ప్రయోగాల్లో ఎక్కువ భాగం టీహెచ్‌సీ ఉన్న మందులవే, సీబీడీ చుక్కలవి కావు. 2021లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం మాత్రం ఈ చికిత్సను సమర్థించలేదు. మరుసటి ఏడాది 20 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలో ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకూ నొప్పి గణనీయంగా తగ్గినట్టు తేలింది. ఆ ప్రయోగాల గురించి మీడియాలో వచ్చిన కథనాలు చాలావరకు అనుకూలంగా ఉన్నాయనీ, అవి రోగుల ఆశలను పెంచి ఉండవచ్చనీ పరిశోధకులు అన్నారు.

కేన్సర్ విషయంలో రెండు ఆస్ట్రేలియా ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూడాలి. క్వీన్స్‌లాండ్‌లో 144 మంది ముదిరిన కేన్సర్ రోగులకు రోజుకు 600 మిల్లీగ్రాముల దాకా సీబీడీ నూనె ఇస్తే, 14 రోజుల తర్వాత లక్షణాల భారం ఉత్తుత్తి నూనె తాగినవాళ్ల కంటే ఏమీ మెరుగుపడలేదు. కీమో వల్ల వచ్చే వాంతుల మీద టీహెచ్‌సీ, సీబీడీ కలిపిన గొట్టం మాత్రలను 147 మందిలో పరీక్షిస్తే, వాంతులు, వికారం సరిగా అదుపులోకి వచ్చినవాళ్లు నూటికి 8 నుంచి 24కి పెరిగారు, మగత, తల తిరుగుడు కూడా ఎక్కువయ్యాయి. నూనె కణితిని కరిగిస్తుందన్న ప్రచారానికి ఈ రెండింటిలో దేనిలోనూ ఊతం లేదు. పరీక్షనాళికలో కణాలు చావడం రోగి బతకడంతో సమానం కాదు.

అమెరికాలోని పిల్లల నుంచి బంధువుల బ్యాగుల్లో ఇళ్లకు చేరే సీసాలూ, గమ్మీలూ మన తెలుగు కుటుంబాల్లో కొత్త కాదు. అక్కడ దుకాణంలో కొన్న సరుకు ఇక్కడి చట్టం నిషేధించిన పూల సారం కావచ్చు, టీహెచ్‌సీ కలిసి ఉండవచ్చు, దుబాయ్ మీదుగా వస్తే అక్కడ నేరమూ కావచ్చు. ఇంట్లో వాడేవాళ్లుంటే వైద్యుడికి దాచడమే అన్నిటికన్నా ప్రమాదం. మూర్ఛ మందులను హఠాత్తుగా ఆపి నూనె మొదలుపెడితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ముప్పు ఉంది. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఎఫ్‌డీఏ దీన్ని వద్దంటుంది. వైద్యుడి పర్యవేక్షణలో ఎపిడియోలెక్స్ మొదలుపెట్టేవాళ్లకు ముందుగా కాలేయ పరీక్షలు చేసి, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ చేయాలని ఆ మందుతో వచ్చే సమాచార పత్రం చెబుతుంది. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లకైతే ఇంకా తరచుగా చేయాలి.