రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ)

అనంతపురం కేంద్రంగా 1969 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ. రాయలసీమలో ఎవరినడిగినా ఆర్డీటీ అనే చెబుతారు. వ్యవస్థాపకులు విన్సెంట్ ఫెర్రర్ (1920–2009) బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెస్యూట్ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘం సభ్యుడిగా మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతుల చేత బావులు తవ్వించారు. ఆ పని స్థానిక పెద్దలకు కంటగింపైంది. 1968లో దేశం విడవాల్సి వచ్చినా, మరుసటి ఏడాదే తిరిగొచ్చి అనంతపురం చేరారు. 1970లో జెస్యూట్ సంఘాన్ని వీడి, బ్రిటిష్ పాత్రికేయురాలు అన్నే పెర్రీని పెళ్లాడారు. అయినా ఊళ్లలో ఆయన చివరిదాకా ‘ఫాదరే’.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే జిల్లా ఇది. వాన మొహం చాటేస్తే వేరుశనగ పోతుంది, అప్పు మిగులుతుంది, కుటుంబం బెంగళూరు బస్సెక్కుతుంది. పిల్లల బడి ఆగుతుంది, గర్భిణికి తిండి తగ్గుతుంది. ఇక్కడ జబ్బులకు మూలం చాలావరకు ఆ కరువులోనే ఉంది. కాబట్టి ఆర్డీటీ ఆరోగ్య సేవను ఆసుపత్రి పడకలతో కొలిస్తే సగమే తెలుస్తుంది. బావులు, చెక్‌డ్యాములు, పండ్లతోటలకు డ్రిప్పు కూడా ఆ లెక్కలోవే.

ఇళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దళితులు, గిరిజనులు, వెనుకబడిన కులాల వారికి సంస్థ వేల సంఖ్యలో పక్కా ఇళ్లు కట్టించింది. కొట్టంలో వాన కురుస్తుంది, పొగ కమ్ముతుంది, పాములూ తేళ్లూ చేరతాయి, నిప్పురవ్వ పడితే అంతా బూడిదే. పక్కా ఇల్లు వీటన్నిటి నుంచీ ఒక్కసారిగా బయటపడేస్తుంది; అది ఏ మందూ చేయలేని పని. ఇంటిని ఆడమనిషి పేరున రాయడం సంస్థ పెట్టుకున్న నియమం. తాగొచ్చి భార్యను వీధిలోకి గెంటే మగాడికి ఇల్లు తనది కాదన్న సంగతి గుర్తుంటుంది. ఆర్డీటీ చేసిన పనుల్లో ఇంత తెలివైనది మరొకటి లేదనిపిస్తుంది.

ఊరి మహిళలకే శిక్షణనిచ్చి హెల్త్ వర్కర్లుగా పెట్టుకోవడం సంస్థకు మరో బలం. గర్భిణులను ముందే గుర్తించడం, కాన్పుకు ఆసుపత్రికి పంపడం, టీబీ మందులు మధ్యలో మానకుండా చూడటం వాళ్ల పని. తెలిసిన మనిషి చెబితే అత్తగారైనా వింటుంది. వాళ్లు పంపే రోగుల కోసం బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులో ఆసుపత్రులున్నాయి. హెచ్‌ఐవీ రోగులను చేర్చుకోవడానికి చాలాచోట్ల జంకుతున్న కాలంలో బత్తలపల్లి వారికి ప్రధాన ఆసరా అయింది. 2020లో అదే కొవిడ్ ఆసుపత్రిగా మారింది. వికలాంగుల సంఘాలు, ప్రత్యేక పాఠశాలలు, అనంతపురం క్రీడాగ్రామం ఇతర కార్యక్రమాలు.

బలహీనత నిధుల్లో ఉంది. 1996లో స్పెయిన్‌లో ఏర్పడిన విన్సెంట్ ఫెర్రర్ ఫౌండేషన్ ద్వారా అక్కడి కుటుంబాలు ఒక్కో పిల్లకో పిల్లాడికో స్పాన్సర్లుగా ఉంటూ పంపే సొమ్మే ప్రధాన ఆధారం. లబ్ధిదారుల ఇళ్లలో హుండీలు పెట్టి స్థానికంగానూ విరాళాలు సేకరిస్తున్నారు గానీ, ఆసుపత్రులు నడపడానికి అది చాలదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2025లో ఆ రెన్యువల్ చిక్కులో పడినప్పుడు, దానికోసం ఊళ్ల జనం అనంతపురంలో ర్యాలీలు తీశారు.