పాత కారు హెడ్‌లైట్లు మసకబారాయా? బల్బు కంటే ముందు వైరింగ్‌ను పరీక్షించాలి

రాత్రివేళ దారి సరిగా కనిపించకపోతే పాత కార్ల యజమానులు చాలామంది ముందుగా బల్బు మారుస్తారు. అప్పటికీ వెలుతురు పెరగకపోతే ఎక్కువ వాట్ల బల్బు వేయిస్తారు. కానీ బ్యాటరీ నుంచి బల్బు వరకు విద్యుత్తు చేరే మార్గంలోనే లోపం ఉంటే ఈ రెండింటి వల్లా ప్రయోజనం ఉండదు. పైగా రెండోది ప్రమాదకరం.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు-1989 ప్రకారం, ముందు 155 మీటర్ల దూరంలోని మనుషులు, వాహనాలు స్పష్టంగా కనిపించేలా వాహన దీపాలు వెలగాలి.

వెలుతురు ఎందుకు తగ్గుతుంది?

అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లో నిలిచిపోయింది. అంటే వాటిలో చివరగా తయారైన కార్ల వైరింగ్‌కు కూడా పదేళ్లు దాటాయి. ఆ తరానికి చెందిన అనేక కార్లలో రిలే ఉండదు. హెడ్‌లైట్లకు వెళ్లే విద్యుత్తంతా స్విచ్ గుండానే ప్రవహిస్తుంది. 55 వాట్ల బల్బులు రెండు వెలిగితే సుమారు 9 ఆంపియర్లు అవసరం. ఏళ్ల తరబడి ఈ భారం మోసిన స్విచ్ కాంటాక్టులు అరిగిపోతాయి, కనెక్టర్లు తుప్పుపడతాయి. దాంతో నిరోధం పెరిగి వోల్టేజీ పడిపోతుంది. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది.

లక్షణాలు చెప్పే విషయాలు

రెండు లైట్లూ మసకగా ఉంటే బ్యాటరీ, ఆల్టర్నేటర్, స్విచ్ వంటి ఉమ్మడి భాగాలను అనుమానించాలి. ఒక్కటే మసకగా ఉంటే ఆ వైపు హోల్డర్‌ను, ఎర్త్ తీగను చూడాలి. లో బీమ్ వేసినప్పుడు ఒక బల్బులోని రెండు ఫిలమెంట్లూ నీరసంగా వెలుగుతుంటే, చాలావరకు ఎర్త్ తెగిపోయినట్లే. విద్యుత్తు మరో దారి వెతుక్కుంటూ రెండో ఫిలమెంట్ గుండా వెనక్కి మళ్లడమే దీనికి కారణం.

మల్టీమీటర్‌తో పరీక్ష

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. తరువాత బల్బును కనెక్టర్ నుంచి తీయకుండా, లైట్లు వెలుగుతుండగానే బల్బు వద్ద కొలవాలి. రెండింటి మధ్య తేడా అర వోల్టు దాటితే మార్గంలో లోపం ఉన్నట్లు భావించవచ్చు. బల్బు ఎర్త్ పిన్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ కనెక్షన్‌ను విప్పి, లోహం మెరిసేలా శుభ్రం చేసి బిగించాలి. కొన్ని కార్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది కాబట్టి ముందుగా ఆ కారు వైరింగ్ పటాన్ని చూడటం అవసరం.

శాశ్వత పరిష్కారం

స్విచ్ మార్గంలోనే వోల్టేజీ పడిపోతున్నట్లు తేలితే రిలే అమర్చుకోవచ్చు. అప్పుడు బ్యాటరీ నుంచి మందమైన తీగ ద్వారా విద్యుత్తు నేరుగా బల్బులకు చేరుతుంది. స్విచ్ రిలేను పనిచేయించే కొద్దిపాటి విద్యుత్తును మాత్రమే మోస్తుంది. ఈ కొత్త తీగకు బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పాలి.

చేయకూడనివి

100 వాట్ల బల్బు 8 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. పాత తీగలు, హోల్డర్ ఆ వేడికి కరిగిపోవచ్చు. ఎదురుగా వచ్చే డ్రైవర్ల కళ్లూ చెదురుతాయి.

ఫ్యూజు పదేపదే పోతుంటే ఎక్కడో తీగ ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందని అర్థం. పెద్ద ఫ్యూజు గానీ, రాగి తీగ గానీ వేస్తే ఆ తీగే కాలి కారుకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఫ్యూజు పోవడం లోపం కాదు, లోపం ఉందనే హెచ్చరిక.