ఛాయాచిత్రాలకు అలంకార చట్రాలు

డిజిటల్ ఛాయాచిత్రం చుట్టూ సాఫ్ట్‌వేర్ సాయంతో అమర్చే అంచును అలంకార చట్రం లేదా ఫ్రేమ్ అంటారు. ఇందుకు ఉపకరించే ఉచిత సాఫ్ట్‌వేర్లలో గింప్ ప్రసిద్ధమైనది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో దీని రూపకల్పన ప్రారంభించారు.

అంచు పద్ధతి: ముందుగా చిత్రానికి నకలు తీయాలి, మూలప్రతిని మార్చరాదు. నకలును తెరిచి, ఫిల్టర్స్‌లోని డెకార్ విభాగంలో యాడ్ బార్డర్‌ను ఎన్నుకొని, వెడల్పు, రంగు నిర్ణయించాలి. నాలుగు వైపులా రంగు ఛాయ మారడం వల్ల అంచు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఈ అంచు సాధారణంగా చిత్రం వెలుపలికి పెరుగుతుంది.

పైపొర పద్ధతి: పూలు, లతలు గల సిద్ధ చట్రాలు నడుమ పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ ఫైళ్లుగా లభిస్తాయి. వాటిని చిత్రంపై ప్రత్యేక లేయర్‌గా ఉంచాలి. జేపెగ్‌లో పారదర్శకత నిలువదు. ఇటువంటి చట్రం చిత్రం అంచులను కప్పివేస్తుంది గనుక కుటుంబ సమూహ చిత్రంలో చివర నిలిచినవారు మరుగున పడే ప్రమాదం ఉంది. తాతముత్తాతల ఏకైక చిత్రానికి మొదటి పద్ధతియే శ్రేయస్కరం.

ముద్రణ: 4×6 అంగుళాల ప్రతికి, అంగుళానికి 300 చొప్పున, చట్రంతో కలిపి 1200×1800 పిక్సెళ్లు అవసరం. లేయర్లు చెదరకుండా ఎక్స్‌సీఎఫ్ రూపంలో ఒక ప్రతి భద్రపరచి, స్టూడియోకు జేపెగ్ ప్రతిని ఇవ్వాలి.