ప్రసూతి, ముట్లుడుగు దశల్లో నర్సింగ్ సేవలు

స్త్రీ నెల తప్పినప్పటి నుంచి కాన్పయ్యాక ఆరు వారాల దాకా, మళ్లీ నలభయ్యో పడిలో ముట్లుడిగే కాలంలోనూ నర్సులు, మిడ్‌వైఫ్‌లు, ఏఎన్‌ఎంలు చేసే పరీక్షలు, పరిచర్య, సలహాలు, అత్యవసర చికిత్స ఈ సేవల కిందికి వస్తాయి. రెండు దశలకూ దక్కే శ్రద్ధ మాత్రం ఒక్కటి కాదు. మొదటిదానికి రిజిస్టరుంది, కార్డుంది, ఏ వారంలో ఏ పరీక్ష చేయాలో లెక్కుంది. రెండోదాని గురించి నిన్నమొన్నటి దాకా అడిగిన నాథుడే లేడు.

గర్భిణి దశ

మన దేశంలో పన్నెండు వారాల లోపు పేరు నమోదు, కాన్పులోగా కనీసం నాలుగు పరీక్షలు జరగాలన్నది ప్రభుత్వ నియమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఆ సంఖ్యను ఎనిమిదికి పెంచింది. వచ్చిన ప్రతిసారీ బరువు, బీపీ, హిమోగ్లోబిన్, మూత్రం, గర్భం ఎత్తు, బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే తీవ్ర రక్తహీనత. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది.

దీనికి మందు ఉచితంగానే దొరుకుతుంది. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. చిక్కంతా మాత్ర చేతికి అందాక మొదలవుతుంది. రెండు రోజులు మింగేసరికి కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, మూడో రోజుకు డబ్బా అటకెక్కుతుంది. నల్లగా అవడం మామూలేనని, రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని, టీతో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి మింగితే ఇనుము ఒంటికి పట్టదని ముందే చెప్పాలి. ఆ రెండు నిమిషాల మాట లేకుండా మాత్రలు పంచితే అవి లెక్కల్లోనే ఖర్చవుతాయి.

బీపీ 140/90 దాటడం, తల పగిలిపోయేంత నొప్పి, చూపు మసకబారడం గుర్రపువాతానికి ముందస్తు హెచ్చరికలు. ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు కండకు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపడానికి మన దేశంలో శిక్షణ పొందిన ఏఎన్‌ఎంకు అనుమతి ఉంది. ఆ తర్వాతి మోతాదులకు ముందు మోకాలి ప్రతిచర్య ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదు కదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లయినా వస్తోందా అని నర్సు చూసుకోవాలి. విరుగుడు మందు కాల్షియం గ్లూకోనేట్ అందుబాటులో ఉంచుకోవాలి.

కాన్పు గది

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో సిజేరియన్ కాన్పులు 60.7 శాతంగా తేలాయి. దేశ సగటు 21.5. ఆ రాష్ట్రం 2017లోనే హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థ సహకారంతో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది ఆ మరుసటి ఏడాది, 2018లో.

మిడ్‌వైఫ్ చేసే పని చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని మంచానికి కట్టిపడేయకుండా నడవనిస్తుంది, గుక్కెడు నీళ్లు తాగిస్తుంది, తల్లినో అక్కనో పక్కన ఉండనిస్తుంది, నడుం మర్దన చేస్తుంది, కాన్పుకు వీలైన భంగిమను ఆమెనే ఎంచుకోమంటుంది. అరగంటకోసారి బిడ్డ గుండె వింటుంది. అవసరం లేని చోట కోత పెట్టి కుట్లు వేయదు. ఇలా ఒకరు ఆసాంతం తోడుంటే సహజ కాన్పులు పెరిగి సిజేరియన్లు తగ్గుతాయని 2017 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. ‘ఊరికే పక్కన కూర్చోవడం’ అని ఎవరైనా తీసిపారేస్తే ఆ సమీక్ష చూపించవచ్చు.

బిడ్డ బయటికొచ్చాక గదిలో అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. నర్సు ధ్యాస మాత్రం తల్లి మీదే ఉండాలి. నిమిషంలోపు తొడ కండకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ పడాలి. ఆ మందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచకపోతే దాని బలం తగ్గిపోతుంది. మాయ పడ్డాక పొట్ట మీద చెయ్యి వేస్తే గర్భసంచి బొడ్డు దగ్గర బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా, పిండిముద్దలా ఉందంటే రక్తం పోతోందన్నమాట. గట్టిపడేదాకా మర్దన చేయాలి. నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు కాబట్టి దాన్ని ఖాళీ చేయించాలి.

పోయిన రక్తాన్ని కంటితో అంచనా కట్టడం పాత అలవాటు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన ఈ–మోటివ్ అధ్యయనం ఆ అలవాటు లోపాన్ని బయటపెట్టింది. పాత పద్ధతిలో సుమారు సగం రక్తస్రావాలే కంటబడ్డాయి. తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచీ పరిచిన చోట 93 శాతం దొరికాయి. రక్తస్రావం తేలిన వెంటనే మర్దన, గర్భసంచిని ముడిచే మందులు, ట్రానెక్సమిక్ ఆమ్లం, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. ఒకటి పనిచేస్తుందేమో చూసి ఇంకొకటి అన్న పద్ధతి మానేశారు. దాంతో తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోసి చేసే ఆపరేషన్, మరణం కలిపి 60 శాతం తగ్గాయి. ఆ సంచీ ఖరీదైన యంత్రమేమీ కాదు.

బాలింత దశ

కాన్పు తర్వాత కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉంచడం, గంటలోపు ముర్రుపాలు పట్టించడం, ఆ తర్వాత ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఇంటికి వెళ్లి చూడటం అందరికీ తెలిసినవే. మన ఇళ్లలో నర్సు నేర్పుకు అసలు పరీక్ష పథ్యం దగ్గర వస్తుంది. బాలింతకు నీళ్లు ఎక్కువిస్తే పొట్ట పెరుగుతుందని, పెరుగు, పండ్లు చలువ చేస్తాయని దూరం పెడతారు. అత్తగారిని తప్పుబడితే రెండోసారి గడప తొక్కనివ్వరు. ‘మీ కాయం, మీ కారప్పొడి అలాగే పెట్టండమ్మా, దాంతోపాటు పప్పు, ఆకుకూర, దండిగా నీళ్లు కూడా ఇవ్వండి’ అంటే వింటారు. కాన్పయ్యాక వచ్చే మానసిక కుంగుబాటును పసిగట్టడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టిక నర్సులు సులువుగా వాడుకోగలిగినదే.

ముట్లుడుగు దశ

పన్నెండు నెలలు వరసగా ముట్టు రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. భారతీయ స్త్రీలలో ఇది సగటున 46 ఏళ్ల ప్రాంతంలో జరుగుతుంది. అంతకు ముందు కొన్నేళ్లు ముట్టు గతి తప్పుతుంది, ఉన్నట్టుండి ముఖమంతా సెగలు కమ్మి చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు, యోని పొడిబారుతుంది, దగ్గినా తుమ్మినా మూత్రం పడుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఎముకలు గుల్లబారడం ఊపందుకుంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ దశ చాలామందికి ఆపరేషన్ బల్ల మీదే వచ్చేస్తోంది. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015–16)లో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం, దేశం మొత్తం మీద 3.2 శాతమే. తెల్లబట్టకు, ఎక్కువ రక్తస్రావానికి, ‘పిల్లలయ్యారు కదా, ఇంకెందుకు’ అన్న మాటకు కూడా పెద్దాపరేషన్లు జరిగాయి. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన బాధలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఉంచినా అవి కొంత ముందే చతికిలబడతాయి. అనవసరపు ఆపరేషన్లను ఆపేందుకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలను ఆదేశించింది.

ఇక్కడ నర్సు మొదటి పని అడగడం. బీపీ మాత్రల కోసం వచ్చిన నలభై రెండేళ్ల మనిషిని ‘ముట్టు ఎలా వస్తోందమ్మా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా’ అని అడిగితే చాలు, ఎన్నాళ్లుగానో దాచుకున్నదంతా బయటికొస్తుంది. ‘వయసు మీద పడుతోంది, సర్దుకుపో’ అని ఇంట్లో విన్న మాటే ఇక్కడా వినిపిస్తే ఆమె మళ్లీ రాదు. సెగలు ఎప్పుడొస్తున్నాయో రాసిపెట్టుకోమనడం, టీ, కాఫీ, కారం తగ్గిస్తే తేడా ఉందేమో చూడమనడం, పలచని నూలు బట్టలు, రోజూ నడక, రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం అందేలా పాలు, రాగులు, నువ్వులు ఆ తర్వాతి మెట్లు. మూత్రం జారడానికి కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వెలుగులోకి తెచ్చాడు. దాన్ని కాగితం మీద రాసిస్తే రాదు, దగ్గరుండి నేర్పాలి. హార్మోన్ మందులు ఎవరికి పడతాయో తేల్చేది డాక్టరు. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర లాంటివి ముందే అడిగి రాసి పంపాల్సింది నర్సు. 30 దాటిన వారికి వెనిగర్ ద్రావణంతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయడానికి కూడా స్టాఫ్ నర్సులకు శిక్షణ ఇస్తున్నారు.

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న కరీంనగర్‌లో ప్రారంభించిన ‘ఆరోగ్య మహిళ’ మంగళవారం క్లినిక్‌ల సేవల్లో ముట్లుడుగు సమస్యలను పేరు పెట్టి చేర్చింది. మంచి మొదలే గానీ ఆలస్యంగా వచ్చిన మొదలు.

ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తపు మచ్చ కనిపిస్తే, ఒక్కసారే అయినా, నొప్పి లేకపోయినా, ఆ వారంలోనే ఆసుపత్రిలో చూపించుకోవాలి.