వెనక్కి పిలిచిన బండ్లు

2024 ఆగస్టులో మారుతీ సుజుకీ కంపెనీ ఆల్టో కె10 కొన్నవాళ్లలో కొందరికి ఒక హెచ్చరిక చేసింది. స్టీరింగ్ గేర్‌బాక్స్‌లో లోపం ఉండొచ్చు, దాన్ని మార్చేదాకా బండి నడపొద్దు అని. అలాంటి బండ్లు మొత్తం 2,555. మామూలుగా రీకాల్ అంటే వీలు చూసుకుని సర్వీస్ సెంటరుకి రమ్మంటారు. అసలు రోడ్డు మీదికే తీయొద్దనడం అరుదు.

ఆ వార్త చదువుతుంటే నాకు ఆ అంకె దగ్గర చూపు ఆగిపోయింది. రెండున్నర వేలు కాదు, మూడు వేలు కాదు, 2,555. దేశమంతా తిరుగుతున్న ఆల్టోల్లో సరిగ్గా ఇవేనని ఎలా తేల్చారు? రీకాల్ కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. జవాబులో సగం మా ఊళ్లోనే, జంషెడ్‌పూర్‌లోనే దొరుకుతుంది.

1912 ఫిబ్రవరిలో ఇక్కడ మొదటి ఉక్కు దిమ్మె తయారైంది. 1945లో టెల్కో వచ్చింది. మొదట రైలింజన్లు, 1954 నుంచి డైమ్లర్ బెంజ్ తోడ్పాటుతో లారీలు. 2003లో పేరు టాటా మోటార్స్ అయింది గానీ ఊరి జనం నోట అది ఇప్పటికీ టెల్కోనే. ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. బండ్లకు కావాల్సిన ముక్కలు చేసే ఫోర్జింగ్, మెషినింగ్ షాపులు అక్కడ వీధి వీధికీ ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మాలాంటి కుటుంబాల్లో ఆ షాపుల గురించి తెలియని ఇల్లుండదు. మా బాబాయి అలాంటి ఒక షాపులో తనిఖీ గదిలో పనిచేసేవాడు.

కాలేజీ రోజుల్లో ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే లోపలికి తీసుకెళ్లి చూపించాడు. చీకటి గది, పైన ఊదారంగు దీపం. బల్ల మీద మోచెయ్యంత ఇనప ముక్క, నున్నగా, నల్లగా ఉంది. దాన్ని అయస్కాంతంగా మార్చి, మెరిసే పొడి కలిపిన ద్రవం పోశాడు. కాసేపటికి ముక్క వంపు దగ్గర వెంట్రుక మందాన ఆకుపచ్చ గీత ఒకటి వెలిగింది. పగులు. గది బయట పగటి వెలుతుర్లో మళ్లీ చూస్తే ఏమీ లేదు, చేత్తో తడిమినా తగల్లేదు.

"ఇది బండికెళ్లి ఉంటే?" అని అడిగాను.

"వెళ్లకుండా చూడ్డానికే కదరా నేనున్నది. ఒకటి దొరికిందంటే దీంతో పాటు వచ్చినవన్నీ మళ్లీ చూడాలి" అంటూ దానికి ఎర్ర రంగు పూసి పక్కన పెట్టాడు. తర్వాత రిజిస్టరు తీసి ముక్క మీది నంబరు రాసుకున్నాడు.

కొలిమిలో ఒక్క విడతలో కరిగి దిగిన ఉక్కుని మా ఊళ్లో ‘హీట్’ అంటారు. ప్రతి హీట్‌కీ ఒక నంబరు. ఆ ఉక్కు కడ్డీ అయినా, ఆ కడ్డీ సుత్తి దెబ్బలు తిని స్టీరింగ్ ఆర్మ్ అయినా నంబరు దాని వెంటే నడుస్తుంది. ఏ ముక్క ఏ రోజు ఏ చాసిస్‌కి ఎక్కిందో బండి కట్టే ఫ్యాక్టరీ రాసుకుంటుంది. ఈ రెండు లెక్కల్నీ కలిపితేనే లోపమున్న బండ్లు ఎన్ని అన్నదానికి కచ్చితమైన అంకె పుడుతుంది. ఆ రాతలు లేని చోట రెండే దార్లు: బండ్లన్నిటినీ పిలవాలి, లేదా నోరు మూసుకోవాలి.

అయితే నంబరు తెలిసినంత మాత్రాన కంపెనీ మనకి కబురు పెడుతుందని లేదు. పెట్టి తీరాలన్న నియమం రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

అమెరికాలో మాక్‌ఫర్సన్ అనే ఆయన నడుపుతున్న బ్యూయిక్ కారు చక్రం విరిగి ఆయన గాయపడ్డాడు. చెక్క ఆకుల్లో నాణ్యత లేదు. చక్రం మేం చెయ్యలేదు, వేరే వాళ్ల దగ్గర కొన్నాం. పైగా కారు మేం డీలరుకి అమ్మాం, ఈయనకి కాదు అని బ్యూయిక్ వాదించింది. 1916లో న్యూయార్క్ అప్పీళ్ల కోర్టులో జడ్జి కార్డోజో ఆ వాదన ఒప్పుకోలేదు. ముక్క ఎవరు చేసినా, బండి మీద పేరు ఎవరిదో పూచీ వాళ్లదే. ఆదిత్యపూర్ నుంచి వెళ్లే ప్రతి ముక్కకీ ఈ మాట నేటికీ వర్తిస్తుంది.

అది నష్టం జరిగాక దక్కే న్యాయం. జరగకముందే హెచ్చరించాలన్న ఆలోచన 1965లో రాల్ఫ్ నేడర్ రాసిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ పుస్తకంతో జనంలోకి వెళ్లింది. ఆ రోజుల్లో కారు దేన్నయినా ఢీకొంటే స్టీరింగ్ కాలమ్ ఈటెలా డ్రైవరు ఛాతీలోకి దిగేది. తప్పు డ్రైవరుదే అనుకునే లోకానికి, బండిలోనూ తప్పుంటుందని నేడర్ చూపించాడు. జనరల్ మోటార్స్ ఆయన వెనక డిటెక్టివ్‌లను పెట్టింది. 1966 మార్చిలో ఆ కంపెనీ ప్రెసిడెంటు సెనేట్ ఉపసంఘం ముందు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 9న అధ్యక్షుడు జాన్సన్ వాహన భద్రతా చట్టం మీద సంతకం చేశాడు. లోపం ఉందని తెలిస్తే యజమానికి తెలియజేయడం అప్పటి నుంచి కంపెనీ విధి. సొంత ఖర్చుతో బాగుచేసి ఇవ్వాలన్న షరతు మాత్రం 1974 సవరణతో గానీ రాలేదు.

ఆ చట్టానికి పదునెంతో తేల్చిన కేసుల్లో ఒకటి స్టీరింగ్‌దే. 1959, 1960 కాడిలాక్ కార్లలో పిట్‌మన్ ఆర్మ్ విరిగేది. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల కడ్డీలకు కదలిక అందించే చెయ్యి అది. టెల్కో లారీ కింద వంగి చూస్తే మనకీ కనిపిస్తుంది. జనరల్ మోటార్స్ వాదన ఏమిటంటే, అది బండిని మెల్లగా తిప్పేటప్పుడు, పార్కింగులో పెట్టేటప్పుడే ఎక్కువగా విరుగుతుంది, కాబట్టి పెద్ద ప్రమాదం కాదని. 1977లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు దాన్ని తోసిపుచ్చింది. చేతిలో చక్రం తిరుగుతూ బండి మాత్రం తిరగకపోవడమే ప్రమాదం, దానికి శవాల లెక్క అక్కర్లేదన్నది ఆ తీర్పు సారాంశం. ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

మన దేశంలో 2012 జూలై దాకా రాతపూర్వకమైన పద్ధతే లేదు. అప్పుడు వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద నియమావళి తెచ్చింది. మరుసటి ఏడు జనరల్ మోటార్స్ ఇండియా లక్షకు పైగా టవేరాలను ఉద్గారాల విషయంలో వెనక్కి పిలిచాక, స్వచ్ఛందం ఒక్కటే చాలదన్న వాదన బలపడింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110-ఎ సెక్షను చేర్చారు, 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కేంద్రం ఆదేశించి రీకాల్ చేయించవచ్చు. లోపం ఒక విడిభాగంలో ఉంటే, మోడల్ ఏదైనా సరే, ఆ భాగం ఉన్న బండ్లన్నిటినీ పిలవమనొచ్చు. కంపెనీ తనంత తానే బయటపెడితే జరిమానా ఉండదు. ఇది తెలివైన ఏర్పాటు. కానీ జరిమానా రూ. 10 లక్షల నుంచి రూ. 1 కోటి దాకానే. పెద్ద కంపెనీకి అదొక లెక్కా?

అంతకన్నా బాధించేది ఏడేళ్ల గడువు. తయారై ఏడేళ్లు దాటిన బండికి ఈ నిబంధన వర్తించదు. అమెరికాలో ఉచిత మరమ్మతు గడువు ఇప్పుడు పదిహేనేళ్లు. మన దగ్గర, జంషెడ్‌పూర్‌లోని మాంగోలోనో జుగ్సలాయిలోనో నిలబడి వచ్చేపోయే బండ్లను పది నిమిషాలు చూడండి, ఏడేళ్లు దాటినవి ఎన్నో కనిపిస్తాయి. ఆ గడువు పెంచాలి.

ఇంకో సంగతి. 2023 జూలైలో మారుతీ 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లను వెనక్కి పిలిచింది. 2021 జూలై 5, 2023 ఫిబ్రవరి 15 తేదీల మధ్య తయారైనవి అవి. స్టీరింగ్ టై రాడ్‌లో ఒక భాగం అరుదుగా విరగొచ్చని చెప్పింది. మన మెకానిక్కు ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, రెండు పక్కలా పట్టుకుని ఊపుతాడు. టక్కుటక్కుమంటే టై రాడ్ ఎండ్‌లో ప్లే వచ్చిందంటాడు. అది అరుగుదల, చెప్పి వచ్చే జబ్బు. లోహంలోనే పుట్టిన లోపం అలా చప్పుడు చెయ్యదు. మెకానిక్కు ఎంత అనుభవజ్ఞుడైనా చేత్తో ఊపి దాన్ని పట్టలేడు. బాబాయి దీపం కింద గీత నాకు ఇందుకే గుర్తొస్తుంది. ఇలాంటి దాని గురించి మనకి తెలిసేది కంపెనీ చెబితేనే.

చెప్పడానికి వాళ్ల దగ్గర మన చిరునామా ఉండాలి. కబురు సాధారణంగా మొదట కొన్న మనిషి ఫోనుకి వెళ్తుంది. ఆ మనిషి బండిని ధన్‌బాద్‌లో అమ్మేశాడనుకోండి, అక్కణ్ణించి మన చేతికొచ్చింది, సర్వీసు వీధి చివర గ్యారేజీలో. కొలిమి నుంచి ఇంత దూరం తప్పిపోకుండా వచ్చిన నంబరు ఈ ఆఖరి మలుపులో మనిషిని పోగొట్టుకుంటుంది.

అందుకని ఒక పని చెయ్యండి. ఆర్‌సీ తీసి అందులోని 17 అక్షరాల చాసిస్ నంబరు చూసుకోండి. మీ బండి కంపెనీ వెబ్‌సైటులో రీకాల్ పేజీ ఉంటే అందులో కొట్టి చూడండి, లేదంటే ఆ కంపెనీ సర్వీస్ సెంటరుకి ఫోన్ చేసి చెప్పండి. పాత బండి కొనేటప్పుడైతే బేరం కుదరకముందే చూడండి. జాబితాలో మీ నంబరు ఉంటే ముక్క మార్చినందుకు పైసా ఇవ్వక్కర్లేదు.